మురుగు తొట్టిలో నా మంద

కంపును చదవడం

ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు నన్ను మొదట అడిగేది ఒకటే. "ఈ కంపు ఇన్నేళ్ళు ఎట్ల ఓర్చుకున్నారు మేడం?" అని. నాకు ఒళ్ళు మండుతుంది. పొయ్యి మీద పప్పు మాడుతుంటే మనకు ముందు చెప్పేది ముక్కే కదా! మురుగునీటి ప్లాంటులోనూ అంతే. కంపు వస్తోందంటే తొట్టిలో ఎవరికో ఊపిరాడటం లేదని అర్థం. అందుకే ముక్కుకు రుమాలు కట్టుకుని లోపలికి వచ్చే ఇంజనీరును నేను ఏనాడూ నమ్మలేదు.

నేను పుట్టింది ఆదోనిలో, పత్తి వ్యాపారం చేసే ఇంట్లో. నేను సూక్ష్మజీవుల శాస్త్రం చదువుతుంటే మా అమ్మ నాకు ఏదో పెద్దాసుపత్రిలో ఉద్యోగం వస్తుందని చుట్టాలందరికీ చెప్పుకుంది. తీరా ఉద్యోగం ఎక్కడో తెలిశాక ఆమె ముఖం చూడాలి! రోజూ సాయంత్రం నన్ను పెరట్లో నిలబెట్టి నెత్తిన నీళ్ళు పోసిగానీ ఇంట్లోకి రానిచ్చేది కాదు. "యాపారస్తుల ఇంట్ల పుట్టి మోరీల పాలైతివి కదే తల్లీ" అని పోస్తూ పోస్తూ అనేది. పోయించుకుంటూ నేను నవ్వేదాన్ని. ఆ మోరీ పని నాకు అంత నచ్చింది మరి.

పని ఏమిటంటారా? పశువుల కాపరి పనే. కాకపోతే మంద కంటికి కనబడదు. ఊళ్ళో జనం స్నానాలు చేసిన నీళ్ళు, గిన్నెలు తోమిన నీళ్ళు, మరుగుదొడ్ల నీళ్ళు అన్నీ కలిసి మన దగ్గరికి వస్తాయి. ముందు ఇనుప కడ్డీల దగ్గర ప్లాస్టిక్ కవర్లు, గుడ్డపేలికలు ఆగిపోతాయి. తర్వాత ఇసుక దిగుతుంది. మిగిలిన నీళ్ళు గాలి తొట్టిలోకి వస్తాయి. ఆ తొట్టి అడుగున పైపుల్లోంచి పొద్దస్తమానం గాలి బుడగలు లేస్తుంటాయి. అక్కడ లెక్కలేనన్ని సూక్ష్మజీవులు ఆ గాలి పీల్చుకుంటూ, నీళ్ళలో కరిగిన మాలిన్యాన్ని తిని బతుకుతాయి. తిన్నవి పెరుగుతాయి, ఒకదానికొకటి అంటుకుని ముద్దలవుతాయి. పక్క తొట్టిలో నీళ్ళు కదలకుండా నిలిస్తే ముద్దలు అడుగుకు దిగి, పైన తేటనీళ్ళు మిగులుతాయి. అడుగున దిగిన ఆ బురదలో కొంత మళ్ళీ గాలి తొట్టికే పంపాలి. రేపటి తోడుకు ఇవాళ్టి పెరుగు కొంచెం దాచిపెట్టుకోమా, అట్లాగే.

మంద బాగుంటే తొట్టి మంచి గోధుమరంగులో ఉంటుంది, వాన పడిన చేను వాసన వస్తుంది. జాడీలో పట్టి అరగంట పక్కన పెడితే బురద అడుగుకు చేరి, పైన నీళ్ళు మెరుస్తాయి. మంద నల్లబడి కుళ్ళిన గుడ్డు వాసన వస్తే ఆ రోజు అన్నం సహించదు. ఇంత తెలిస్తే చాలు. మిగతాది మీ పుస్తకాల్లో ఉంది.

ఎమ్మిగనూరు అమావాస్యలు

నాకు పని నేర్పింది ఎమ్మిగనూరు పక్కనున్న ఒక చిన్న ప్లాంటు. అక్కడ మా పైఅధికారి నాగప్ప సారు. లావుపాటి మనిషి, మెల్లగా నడిచేవాడు, మెల్లగా మాట్లాడేవాడు. కోపం మాత్రం గబుక్కున వచ్చేది.

నేను చేరిన కొత్తలో నెలకొకసారి మంద సోలిపోయేది. తొట్టి మీద నురగ, జాడీలో మడ్డి. గాలి పెంచాను, తగ్గించాను, పైపులు విప్పించి కడిగించాను. ఊహూఁ. చివరికి నాగప్ప సారు నా జాడీ లాక్కుని పక్కన పెట్టి, "తొట్టిని అడిగితే ఏం జెప్తాదమ్మా? దా, ఊర్ని అడుగుదాం" అని నన్ను ఊళ్ళోకి తీసుకుపోయాడు.

ఊళ్ళో రంగుల అద్దకం షెడ్ల దగ్గర టీ తాగుతుంటే సంగతి బయటపడింది. ఎమ్మిగనూరులో అమావాస్య రోజు మగ్గం ఆడదు. నేతపనివాళ్ళకు అది సెలవు. మగ్గాలు ఆగితే అద్దకమూ ఆగుతుంది. ఆ తీరిక చూసుకుని అద్దకంవాళ్ళందరూ ఒకేసారి తొట్లు కడిగి, రంగునీళ్ళు, మందునీళ్ళు మోరీలోకి వదులుతారు. ఊరంతా కలిసి నా మందకు నెలకొకరోజు విషం పెడుతోందన్న మాట!

నాగప్ప సారు వాళ్ళతో గొడవ పడలేదు. "మా తొట్టిలో కూడా పనోళ్ళు ఉండారప్పా. ఒక్కసారే పోస్తే సస్తారు. రోజు కొంచెం కొంచెం ఇడవండి, తినేస్తారు" అన్నాడు. వాళ్ళు నవ్వారు, కానీ విన్నారు. ఆ తర్వాతి అమావాస్యకు మంద బాగానే ఉంది. అంతకు ముందు పైపులు విప్పి నేను వృథా చేసిన చెమట తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పిల్లలూ, మీ ఉద్యోగంలో సగం ప్లాంటు గేటు బయటే ఉంటుంది.

సువార్తమ్మకు ఇచ్చిన మాట

కొన్నేళ్ళకు నన్ను ఒక పెద్ద ప్లాంటుకు వేశారు. ఏ ఊరిదో చెప్పను. అప్పటివాళ్ళు ఇంకా టీకొట్ల దగ్గర ఎదురవుతుంటారు, ఎందుకొచ్చిన తంటా! ఆదోనికి, ఎమ్మిగనూరుకు నడుమ ఎక్కడో అనుకోండి. ప్లాంటు కొత్తది. అంతకు ముందు ఊరి మురుగంతా ఒక వంకలోకి, అంటే చిన్న వాగులోకి, పోయేది. ఆ వంక ఒడ్డున దిగువన చిన్న పల్లె ఒకటి ఉంది. వాన తప్ప వేరే నీళ్ళు లేని పల్లె.

తొట్టిలో మంద అప్పుడప్పుడే కుదురుకుంటోంది. ఒకరోజు పొద్దున గేటు దగ్గర పెద్దగా కేకలు వినబడ్డాయి. బయటికి వచ్చి చూస్తే ఆ పల్లె ఆడవాళ్ళు. ముందు నిలబడింది సువార్తమ్మ. వంక పక్కన కొంచెం నేల ఉంది ఆమెకు, అందులో పత్తి వేస్తుంది. మనిషి సన్నం, గొంతు మాత్రం చర్చి గంట.

"మేడం అంటే నువ్వేనా?"

"నేనే."

"అయితే ఇట్ల సూడు." రెండు చేతులూ నా ముఖం ముందు పెట్టింది. మోచేతుల దాకా ఎర్రటి దద్దుర్లు. "పోయినేడు వాన ఎగ్గొట్టె. గతిలేక మీ ఊరి మోరీనీళ్ళే సేనికి పెడితిమి. సెట్లు మాడిపాయె, మా సేతులు ఇట్లాయె, ఇంగా మానలే. ఈయేడు నువ్వు నీళ్ళు కడుగుతాండావంట కదా. నిజమేనా?"

"నిజమే. అందుకే కదా ఇది కట్టింది."

"కట్టేది అందరూ కడతారు మేడం. పత్తి కాయ పట్టే యాలకు మంచినీళ్ళు ఇడుస్తావా, ఇడవవా? ఇడుస్తానంటే ఈడనే ఉంటాము. లేదంటావా, అదన్నా సెప్పు. గుంటూరు పక్క మిరపకాయల కోతకు పిలిచే మేస్త్రీ ఊర్లోనే తిరుగుతాండాడు. పిల్లోళ్ళను ఎత్తుకోని, ఇంటికి బీగమేసి పోతాము. ప్రతియేడూ పోయేదే."

ఆ 'ప్రతియేడూ పోయేదే' అన్న మాట నాకు గుచ్చుకుంది. మా ఆదోని దగ్గర కోసిగి పక్క ఊళ్ళకు ఊళ్ళే బీగాలు వేసుకుని పోవడం నేను చూస్తూ పెరిగినదాన్ని. ముందూ వెనకా చూడకుండా, "ఇస్తాను పో. కాయ పట్టే యాలకు నీళ్ళు నీ సేన్లో ఉంటాయి" అన్నాను.

ఈ సంగతి మా పెద్దసారు చెవిన పడింది. ఆయన పేరు చెప్పను, పెద్దసారనే అంటాను. బతుకంతా రోడ్లు వేయించిన మనిషి. రోడ్డు తిండి అడగదు, అలగదు. బతికున్నవాటితో ఆయనకు అలవాటు లేదు.

"ఏమమ్మా, ఎవర్నడిగి మాటిచ్చినావు?" అన్నాడు.

"ఎవర్నీ అడగలేదు సార్. మందను మేపేది నేనే కదా."

"ఏం మంద? యాడుంది మంద?" అని ఆయన నిజంగానే కిటికీలోంచి బయటికి చూశాడు.

పాలలా తెల్లగా

పెద్దవాళ్ళు వస్తున్నారంటే మన ఊళ్ళలో జరిగే మొదటి పని మీకు తెలుసు. దారి పొడవునా బ్లీచింగు పొడితో తెల్లగీత. చెత్త ఉన్నచోటే ఉంటుంది, గీత మాత్రం తెల్లగా ఉండాలి. ఆ వాసన వస్తే చాలు, ఎవరో కారు దిగబోతున్నారని చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు.

వానలు మొదలైన కొత్తలో నేను శిక్షణ పేరుతో కర్నూలు పోయాను. నేను లేనప్పుడే ఒక అధికారి తనిఖీకి వచ్చి వెళ్ళాడట. తిరిగి వచ్చేసరికి రోడ్డు మలుపు నుంచే బ్లీచింగు ఘాటు కళ్ళల్లో కొట్టింది. పరిగెత్తుకుంటూ తొట్టి దగ్గరికి వెళ్ళాను.

అక్కడ హుస్సేనన్న నిలబడి ఉన్నాడు. హుస్సేనన్న మా శానిటరీ మేస్త్రీ. పారిశుద్ధ్యం పనివాళ్ళందరూ ఆయన మాట మీద నడుస్తారు. నన్ను చూడగానే ముఖం వెలిగిపోయింది.

"సూడు మేడం, తొట్టంతా పాల మాదిరి జేసినా! సంచులకు సంచులు సల్లిచ్చినా. తనిఖీకొచ్చిన సారు శానా మెచ్చుకున్యాడు."

తొట్టి పాలిపోయి ఉంది. ఒక్క చుక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టాను. ఏదీ కదలలేదు. నేను ఆ స్టూలు మీదే కూర్చుని ఏడ్చాను. సిగ్గేమీ లేదు చెప్పడానికి. మీ మంద చస్తే మీరూ ఏడుస్తారు, ఏడవకపోతే ఈ పని మీకు పనికిరాదు.

ఏడుపు అయ్యాక కోపం వచ్చింది. హుస్సేనన్నను చేయి పట్టుకుని లోపలికి లాక్కొచ్చి ఆ చచ్చిన చుక్క చూపించాను. తర్వాత, బురద తిరిగి పంపే గుంతలో అడుగున బ్లీచింగు తగలకుండా మిగిలిన కొంచెం తెచ్చి చూపించాను. కాడల మీద ఊగే గంటల్లాంటివి, గిరగిరా తిరిగేవి, పాకేవి.

"యా అల్లా! ఇవి తిరుగుతాండాయి కదా మేడం!"

"ఊరి మురుగు తినేది ఇవే అన్నా. నీ మేకల దొడ్లోకి ఎవడో వచ్చి మందు సల్లి, సూడన్నా ఎంత సుద్దంగా ఉందో అంటే ఏం జేస్తావు?"

"నరుకుతా" అన్నాడు. అన్నాక మళ్ళీ వంగి ఆ తిరిగేవాటిని చూశాడు. తల ఎత్తి, "నాకెవరు సెప్పినారు మేడం? పెద్దోళ్ళొస్తే బ్లీచింగు సల్లు అనే కదా, పనిలో సేరిన కాడి నుంచి అందరూ సెప్పింది" అన్నాడు.

నిజమే. ప్లాంటు కట్టినవాళ్ళు మోటార్ల గురించి చెప్పారు, పైపుల గురించి చెప్పారు. లోపల ప్రాణమున్నవి ఉంటాయని ఆయనతో ఒక్కరూ చెప్పలేదు. మీరు కొత్త చోటికి పోయిన రోజే వాచ్‌మన్‌తో సహా అందరినీ పిలిచి ఆ చుక్క చూపించండి. బ్లీచింగు చెడ్డదేం కాదు. దాని చోటు చివర్న. మంద తన పని చేసి, అడుగుకు దిగి, తేటనీళ్ళు బయటికి పోయేటప్పుడు, కొలతగా వేయాలి.

ప్యాకెట్లు, ట్యాంకరు

మందను మళ్ళీ మొదటి నుంచి పెంచాలి. వానలు అప్పుడే వెనకాడుతున్నాయి. పెద్దసారు ఎక్కడి నుంచో ఒక ఏజెంటును పట్టుకొచ్చాడు. టై కట్టుకున్న ఆ పిల్లోడు మెరిసే ప్యాకెట్లు బల్ల మీద పరిచి, అందులో ఉన్న బాక్టీరియా దేన్నైనా తినేస్తుందన్నాడు.

"దేన్నైనా తినేదాన్ని ఈ ప్యాకెట్లో ఎట్ల ఆపినావు నాయనా?" అని అడిగాను. వాడికి చెమటలు పట్టాయి.

ఒకమాట నిజం చెప్పాలి. ఫ్యాక్టరీల నుంచి వచ్చే కొన్ని మొండి రసాయనాలకు అట్లాంటి ప్రత్యేకమైన రకాలు పనికొస్తాయి. ఊరి మురుగుకు మాత్రం అక్కర్లేదు. తినే జీవులు మురుగుతోపాటే వస్తాయి. వాటికి గాలి, వేళకు తిండి, తోడుగా కొంచెం మంచి బురద ఉంటే చాలు. తోడు బురద కోసం నాగప్ప సారుకు ఫోను చేశాను. "తీసకపో తల్లీ, అడగాల్నా?" అన్నాడు. ట్యాంకరు తీసుకుని హుస్సేనన్న తానే ఎమ్మిగనూరు పోయాడు. బురద నిండిన ట్యాంకరు పక్కన, డ్రైవరు సీటు దగ్గర, పెళ్ళికూతుర్ని తెచ్చేవాడిలా బిగుసుకుని కూర్చుని వచ్చాడు.

మొదట్లో తెల్లటి నురగ తొట్టి దాటి పొర్లింది. పెద్దసారు కంగారుపడ్డాడు. లేత మంద అట్లాగే చేస్తుందని చెప్పినా వినడు. ఇటు వాన పూర్తిగా ఆగిపోయింది. సువార్తమ్మ రోజు మార్చి రోజు గేటు దగ్గర హాజరు.

"ఇంగా ఎన్నాళ్ళు మేడం? ఆకు వాడతాంది. పూత రాలిపోతాంది. మిరపకోత మేస్త్రీ మా వీధిలోనే వచ్చి కూసున్యాడు. పక్కింటోళ్ళు పేర్లిచ్చేసినారు."

"నువ్వు ఇచ్చినావా?"

"ఇంగా లే" అంది. ఆ 'ఇంగా' విని నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత ఒక పొద్దున గేటు తీయగానే తెలిసిపోయింది. వాన చుక్క లేని రోజున వాన వాసన! తొట్టి గోధుమరంగు తిరిగింది. జాడీ నిలబెడితే బురద బుద్ధిగా అడుగుకు దిగి, పైన నీళ్ళు తళతళలాడాయి. హుస్సేనన్న ఆ జాడీని ప్లాంటంతా ఊరేగించాడు. పరీక్షలన్నీ సరిపోయాక నీళ్ళు వంకలోకి వదిలాం. ఆకుకూరలకు, పచ్చిగా తినేవాటికి వాడొద్దని, పత్తికే పెట్టుకోమని పల్లెకు పోయి చెప్పాను. సువార్తమ్మ మోటారు వేసింది. మొదటి నీళ్ళు సాలులో పారుతుంటే వంగి వాసన చూసింది, చేయి ముంచింది.

"కంపే లేదు కదా మేడం! కొంపదీసి కుళాయి నీళ్ళు కలిపితివా?" అంది.

పక్కింటివాళ్ళు పేర్లు వెనక్కి తీసుకున్నారు.

సంచుల మీద కూర్చున్నాను

కాయ గట్టిపడే వేళ. చెట్టుకు ఇంకా నీళ్ళు కావాల్సిన వేళ. సరిగ్గా అప్పుడే ప్లాంటు ప్రారంభోత్సవం పెట్టారు. నడుస్తున్న ప్లాంటుకు మళ్ళీ ప్రారంభమేమిటని అడక్కండి, మన దగ్గర అంతే. చాలా పెద్ద మనిషి వస్తున్నాడు. షామియానా వేశారు, పూలకుండీలు అద్దెకు తెచ్చారు. వాటి వెనకే లారీలోంచి బ్లీచింగు సంచులు దిగాయి.

నేను పెద్దసారు దగ్గరికి పోయాను. "గేటు బయట ఎంతైనా సల్లుకోండి సార్. గేటు లోపల వద్దు."

"ఏంది వద్దు? అంత పెద్దాయనకు కంపు కొడితే నా మెడకు సుట్టుకుంటాది!"

"కంపు రాదు సార్. బ్లీచింగు పడితే మంద సస్తాది. మళ్ళీ పెంచేలోపల పల్లెలో పత్తి మొత్తం పోతాది."

"ఒక్కరోజుకు ఏం గాదులే. హుస్సేన్! సంచులు ఇప్పు."

ఇక మాటలతో పని కాదనుకున్నాను. నేరుగా పోయి ఆ సంచుల మీద కూర్చున్నాను. పట్టుచీర కట్టుకుని, పూలు పెట్టుకుని, ఇంత వయసొచ్చిన ఆడదాన్ని, టిఫిను డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పనివాళ్ళందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

"హుస్సేన్, ఇప్పమంటే ఇనపడలేదా?" అని అరిచాడు పెద్దసారు.

హుస్సేనన్న చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా, "మేడం లేస్తే ఇప్పుతా సార్. ఆడమనిషిని నేనెట్ల లేపల్ల?" అన్నాడు.

పెద్దసారు ముఖం కందిపోయింది. "ఏమన్నా కంపు వచ్చిందా, నీ పెన్షను సంగతి సూస్తా" అన్నాడు.

"సూడండి సార్. వస్తే పెన్షను వద్దని నేనే సంతకం పెట్టి ఇస్తా."

అంతలోనే రోడ్డు మీద కార్ల హారన్లు. ఇక ఆయనకు నాతో వాదించే తీరికెక్కడిది? హుస్సేనన్న గేటు దాకా తెల్లగీత నిమ్మళంగా గీయించి, గేటు దగ్గర ఆపించేశాడు.

పెద్ద మనిషి దిగాడు, దండలు పడ్డాయి, రిబ్బను తెగింది. తొట్టి గట్టు మీదికి వచ్చి ఆగాడు. ముక్కు ఎగబీల్చాడు.

"మురుగు యాడుంది?" అన్నాడు.

"మీ ముందర ఉండేదే సార్" అన్నాను.

"ఇదా? వానొచ్చినప్పుడు సేన్లోకి పోయినట్ల ఉంది కదా!"

"మేము అట్లనే డిజైన్ చేసినాము సార్" అన్నాడు పెద్దసారు, నా కన్నా ముందు. వెనక హుస్సేనన్న తలపాగా చెంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు ఊగేటట్టు నవ్వాడు. నాకూ నవ్వాగలేదు. పేరు ఆయన తీసుకుంటే తీసుకోనీ, నాకు కావలసింది గేటు లోపలే ఉంది. పిల్లలూ, పేరు కోసం పైవాళ్ళతో కొట్లాడి మీ ఓపిక పాడుచేసుకోవద్దు. మంద ప్రాణం మీదికి వస్తే మాత్రం సంచుల మీద కూర్చోవడానికి వెనకాడొద్దు. వాళ్ళు వెళ్ళిపోయాక ఒక చుక్క తీసి చూశాను. అన్నీ తిరుగుతున్నాయి. నేను గెలిచాను. ఉద్యోగమంతటిలో అంత ఆనందం నాకు మరోసారి కలగలేదు.

పత్తి ఏరే వేళ

వంకలో నీళ్ళు ఆగలేదు. పత్తి పగిలే కాలానికి ఒకరోజు ఆ పల్లెకు పోయాను. దూరం నుంచే చేలు తెల్లగా కనబడ్డాయి. ఏ ఇంటికీ బీగం లేదు. సువార్తమ్మ చేన్లో నాకు తెలియని ఆడవాళ్ళు వరసగా పత్తి ఏరుతున్నారు. ఎవరని అడిగితే కోసిగి పక్కవాళ్ళన్నారు. వాళ్ళ పక్క వాన లేదు. గుంటూరు దాకా పోకుండా ఇక్కడే పని దొరికిందని ఒకామె చెప్పింది.

సువార్తమ్మ గట్టు మీద నుంచి నన్ను చూసింది. కృతజ్ఞతలూ గితజ్ఞతలూ ఏమీ లేవు.

"సూస్తా నిలబడినావేం మేడం? కూలోళ్ళకు సద్ది యాలాయె. ఆ గంప బిన్నా అందుకో, ఆకలి మీద ఉండారు!"

గంప అందుకున్నాను. జొన్నరొట్టెలు, పప్పు, శనక్కాయ కారం. ఆడవాళ్ళందరూ చెట్ల మధ్య వరసగా కూర్చున్నారు. ఒకామె గబగబా రెండు ముద్దలు తిని, పని పోతుందేమోనన్నట్టు లేవబోయింది. సువార్తమ్మ ఆమె భుజం పట్టి కూర్చోబెట్టి, విస్తట్లో ఇంకో రొట్టె వేసింది.

"నిదానంగా తినమ్మా. మా సేన్లో పని ఇంగా శానా ఉంది."